ఎనిమిదో కుర్చీ

పార్లమెంటు భవనంలో రికార్డు రూము నేలకింది అంతస్తులో ఉంది. ముప్పై ఒక్క ర్యాకులు, రెండు నిచ్చెనలు, ఒక టేబులు, ఒక కుర్చీ. అక్కడ పనిచేసే అసిస్టెంటును భవనంలో అందరూ రికార్డమ్మ అంటారు. పై అంతస్తుల్లో పని అయిపోయిన కాగితాలను కట్టలుగా కట్టి, సీలు వేసి కిందికి పంపుతారు. ఆమె వాటికి నంబరు వేసి, రిజిస్టరులో రాసి, ర్యాకులో పెడుతుంది. ఎవరైనా అడిగితే తీసి ఇస్తుంది. సీలు విప్పే అధికారం ఆమెకు లేదు. పందొమ్మిదేళ్లుగా ఇదే పని.

మే ఇరవయ్యో తేదీ సాయంత్రం నాలుగున్నరకు ప్రోటోకాల్ ఆఫీసరు ఆ గదిలోకి దిగి వచ్చాడు. అంతకుముందు ఆయన అక్కడికి రాలేదు. ఏదైనా కావాలంటే మనిషిని పంపేవాడు. కూర్చోవడానికి చూశాడు. ఉన్న ఒక్క కుర్చీలో ఆమె ఉంది. నిలబడే విషయం చెప్పాడు.

మర్నాడు పొద్దున పదింటికి విదేశీ పార్లమెంటు బృందం వస్తోంది. రెండు దేశాల మధ్య సంబంధాలు బలపరచడానికి చర్చలు. అటువైపు తొమ్మిదిమంది సభ్యులు. ఇటువైపు కూడా తొమ్మిదిమంది కూర్చోవాలి. ఆ దేశంతో మైత్రి కోసం పార్లమెంటు సభ్యులతో వేసిన స్నేహబృందంలో పేరుకు తొమ్మిదిమంది ఉన్నారు గాని ఒకాయన కూతురి పెళ్లి పనుల్లో ఉన్నాడు, ఇంకొకాయనకు ఒంట్లో బాగాలేదు. కుర్చీలు తగ్గిస్తే అతిథులను చిన్నచూపు చూసినట్టు. ఖాళీగా ఉంచితే ఇంకా తప్పు. ఇలాంటప్పుడు సిబ్బందిని కూర్చోబెట్టడం ఆ భవనంలో అలవాటు. ఎక్కడా రాసి లేదు, ఎవరూ తప్పిందీ లేదు. రెండేళ్ల కిందట తోట సూపర్‌వైజరు ఇలాగే కూర్చున్నాడు. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. ఆయన భార్య తప్ప ఎవరూ గుర్తుపట్టలేదు.

ఈసారి తొమ్మిదో కుర్చీకి సభ్యుల కారు తోలే డ్రైవరు, ఎనిమిదో కుర్చీకి రికార్డమ్మ. ప్రోటోకాల్ ఆఫీసరు నియమాలు చెప్పాడు. స్నేహబృందం చైర్మన్ నవ్వితే నవ్వాలి. చప్పట్లు కొడితే కొట్టాలి. ఆయన టీ కప్పు ఎత్తాకే మిగతావాళ్లు ఎత్తాలి. నోరు విప్పకూడదు. స్టోరు నుంచి తెచ్చిన కోటు టేబులు మీద పెట్టి, కూర్చునే వరస రాసిన కాగితం ఇచ్చి వెళ్లాడు.

కాగితంలో ఎనిమిదో నంబరుకు ఎదురుగా అతిథి బృందంలోని ఒక సభ్యురాలి హోదా రాసి ఉంది. ఆ దేశపు పార్లమెంటు జైళ్ల కమిటీ అధ్యక్షురాలు. ఫోటోలో బాగుంటుందని ఆడమనిషికి ఎదురుగా ఆడమనిషిని వేశాడు ప్రోటోకాల్ ఆఫీసరు. అంతకు మించి ఆయన ఆలోచించలేదు.

రికార్డమ్మ ఆ వరస రెండుసార్లు చదివింది. ఆమె తమ్ముడు ఆ దేశంలో జైల్లో ఉన్నాడు.

తమ్ముడు వెల్డరు. ఓడలు బాగుచేసే యార్డులో పనికి వెళ్లాడు. ఏడాది తిరగకుండానే కంపెనీ మూతపడింది. యజమాని పాస్‌పోర్టులతో సహా కనబడకుండా పోయాడు. వీసా గడువు దాటిందని పోలీసులు తమ్ముణ్ణి పట్టుకున్నారు. నాలుగు నెలల శిక్ష పడింది. ఆ నాలుగు నెలలు పోయినేడు మార్చి తొమ్మిదో తేదీకి పూర్తయ్యాయి. ఆ తర్వాత పద్నాలుగు నెలలు గడిచినా అతను లోపలే ఉన్నాడు. ఇతను మా దేశస్థుడే అని ఇక్కడి ప్రభుత్వం ఒక ఉత్తరం ఇస్తే పంపించేస్తామని జైలు అధికారులు అతనితో చెప్పారు. నెలకు ఒకసారి అయిదు నిమిషాలు ఫోను ఇస్తారు. ఆ అయిదు నిమిషాల్లో అతను ఈ సంగతే చెబుతాడు.

ఆమె విదేశాంగ శాఖకు వెళ్లింది. ఆ దేశం అడగందే మేం ఉత్తరం ఇవ్వలేం, ఇంతవరకూ వాళ్లు అడగలేదు అన్నారు. స్నేహబృందం చైర్మన్‌కు అర్జీలు పెట్టింది. ఆయన ఆఫీసు రికార్డు రూముకు సరిగ్గా మూడంతస్తుల పైన. పదకొండు అర్జీలు. ప్రతిదాని మీదా ‘పరిశీలనలో ఉంది’ అని ముద్ర పడింది. పదకొండోది వారం కిందట ఇచ్చింది. చైర్మన్ చేత్తో తీసుకుని, చర్చల్లో మొదటి విషయం నీ తమ్ముడిదేనమ్మా అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మరదలు, తమ్ముడి భార్య, కోటును మిషను మీద పెట్టి భుజాలు తగ్గించింది. మరదలు ముందు గదిలో బట్టలు కుడుతుంది. ఆడపడుచు, మరదలు ఒకే ఇంట్లో ఉండి ఏడాదిన్నర అయింది. ఎదురుగా కూర్చోబోయేది ఎవరో విని మరదలు మిషను ఆపింది.

“అడుగుతావా వదినా?”

“చైర్మన్ గారు అడుగుతానన్నారు.”

“పదిసార్లు అన్నారు.”

“పదకొండు,” అంది రికార్డమ్మ.

మరదలు దారం కొరికి కోటు దులిపింది. పొద్దున బయల్దేరేటప్పుడు కోటు లోపలి జేబులో ఒక చీటీ పెట్టింది. అందులో జైలు పేరు, ఖైదీ నంబరు, తేదీలు ఉన్నాయి. అవన్నీ రికార్డమ్మకు నోటికి వచ్చు. అయినా వద్దనలేదు.

పదింటికి కమిటీ హాల్లో అందరూ కూర్చున్నారు. డ్రైవరు కోటు గుండీ పెట్టుకోలేక చేతులు పొట్టమీద కట్టుకున్నాడు. రిటైర్‌మెంటుకు ఆరు నెలలుంది ఆయనకి. భవనంలో చిన్నవాళ్లందరికీ బాబాయి.

“ఇరవై ఆరేళ్లు వీళ్లని వెనకసీట్లో వేసుకుని తిప్పానమ్మాయ్. ఇవాళ పక్కన కూర్చున్నా. పెద్ద తేడా ఏం లేదు. ఇక్కడా ముందు నిద్రపోయేది వీళ్లే,” అన్నాడు పెదాలు కదపకుండా.

చైర్మన్ ఇరవై రెండు నిమిషాలు మాట్లాడాడు. అనాదిగా ఉన్న సంబంధాల గురించి చెప్పాడు. రెండు దేశాలను కలిపేది హృదయమన్నాడు. పోయినసారి బృందాలు కలిసినప్పుడు సాధించిన దాన్ని గుర్తుచేశాడు. మానవతకు సంబంధించిన విషయాల్లో శాఖల చుట్టూ తిరిగి జాప్యం కాకుండా, ఇకనుంచి రెండు పార్లమెంటుల స్నేహబృందాలు నేరుగా ఒకరికొకరు రాసుకోవాలన్న ఒప్పందం అది. దానికి చప్పట్లు కొట్టారు. రికార్డమ్మా కొట్టింది. ఆ తర్వాత తమ్ముడి మాట వస్తుందని చూసింది. చైర్మన్ ధన్యవాదాలు చెప్పి కాగితాలు మడిచాడు.

అతిథి బృందం నాయకుడు తన ఉపన్యాసం తీశాడు. రెండు పేజీలు తిప్పి, దాన్ని పక్కన పెట్టాడు. అది కార్యక్రమంలో లేదు. గోడవారగా నిలబడ్డ ప్రోటోకాల్ ఆఫీసరు చేతిలోని కాగితం చూసుకున్నాడు. నాయకుడు చెప్పినదాన్ని దుబాసీ తెలుగులో చెప్పాడు. ఉపన్యాసాలు ఎప్పుడూ ఉండేవే, బల్లకు ఇటువైపు కూర్చున్న ఒక్కొక్కరూ తమ ప్రజలు కోరేది ఒక్కటి చెబితే, వారికి ఎదురుగా ఉన్న మా సభ్యులు జవాబిస్తారు అని.

మొదటాయన నాట్యబృందాల రాకపోకలు కావాలన్నాడు. రెండో ఆయన నేరుగా విమానం కావాలన్నాడు. మూడో ఆయన, విమానమే తానూ అడగాలనుకున్నానన్నాడు. నాలుగో సభ్యురాలు విశ్వవిద్యాలయాల మధ్య ఒప్పందం అడిగింది. అయిదో ఆయన, ఆరో ఆయన ఒకరికొకరు మర్యాద చేసుకుని చివరికి ఇద్దరూ వాణిజ్యం అన్నారు. ఏడో ఆయన్ను పక్కనున్నవాళ్లు లేపారు. స్నేహం, అన్నాడాయన.

ప్రోటోకాల్ ఆఫీసరు రికార్డమ్మ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. చైర్మన్ దుబాసీకేసి వంగి, ఆవిడకి గొంతు బాగాలేదని చెప్పు అన్నాడు. ఆ మాట బల్ల చివరిదాకా వినబడింది. దుబాసీ నోరు తెరిచేలోపు ఆమె మాట్లాడింది.

“నేను ఒక మనిషి గురించి అడుగుతానండీ.”

జైలు పేరు చెప్పింది. ఖైదీ నంబరు చెప్పింది. శిక్ష ఏ రోజున పూర్తయిందో చెప్పింది. జేబులోని చీటీ తీయలేదు. చెప్పడానికి నిమిషం పట్టలేదు. దుబాసీ అంకెలన్నీ ఒకటికి రెండుసార్లు పలికి చెప్పాడు.

ఎదురుగా ఉన్న జైళ్ల కమిటీ అధ్యక్షురాలు, ఆ మనిషి మీ నియోజకవర్గం వాడా అని అడిగింది.

“కాదండీ. మా ఇంటివాడు. నా తమ్ముడు.”

అధ్యక్షురాలు వెనక కూర్చున్న సహాయకుణ్ణి పిలిచింది. అతను సంచిలోంచి ఒక ఫైలు తీశాడు. వెతకాల్సిన పని లేకపోయింది. పైనే ఉంది. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని ఫైలు చదివి, దుబాసీ అందుకునేలా ఒక్కొక్క వాక్యమే చెప్పింది. అతన్ని మేం శిక్షలో ఉంచలేదు. అప్పగించడానికి ఎవరూ లేక ఉంచాం. ఇతను మీ దేశస్థుడని ఉత్తరం ఇవ్వమంటూ, ఒప్పందం ప్రకారం మీ స్నేహబృందానికి నాలుగు ఉత్తరాలు రాశాం. నాలుగింటికీ జవాబులు వచ్చాయి.

ఆ జవాబులు బల్లమీద పెట్టింది. అచ్చువేసిన కార్డులు. మీద పువ్వు బొమ్మ. లోపల రెండు భాషల్లో ఒకటే వాక్యం: మీ శుభాకాంక్షలకు కృతజ్ఞతలు, మన స్నేహం కలకాలం వికసించుగాక. కింద చైర్మన్ సంతకం, రబ్బరు స్టాంపుది.

మొదటి కార్డు వచ్చినప్పుడు పొరపాటు అనుకున్నామని ఆవిడ చెప్పింది. రెండోది వచ్చినప్పుడు, ఇది మీ పద్ధతేమో, ఉత్తరం అందింది, పని జరుగుతోంది అని చెప్పే తీరేమో అనుకున్నాం. నాలుగోది వచ్చాక, వెళ్లినప్పుడు అడుగుదామని వెంట తెచ్చుకున్నాం.

ఏడో ఆయన పూర్తిగా మేలుకున్నాడు. చైర్మన్ ఒక కార్డు తీసుకుని ముందూ వెనకా చూశాడు. విషయం దృష్టిలో పెట్టుకున్నాం, టీ తర్వాత చూద్దాం అన్నాడు. అతిథి నాయకుడు మాత్రం వరస పూర్తి చేయాలని తొమ్మిదో కుర్చీ వైపు చెయ్యి చూపించాడు.

డ్రైవరు లేచి నిలబడ్డాడు. కోటు విడిపోయింది.

“ఆ అమ్మాయి అడిగిందే నేనూ అడుగుతున్నానండీ,” అని కూర్చున్నాడు.

జైళ్ల కమిటీ అధ్యక్షురాలు జవాబు చెప్పింది. సాయంత్రం ఏడింటికి మా విమానం. ఈలోపు ఆ ఉత్తరం నా చేతికిస్తే వారంలో మీ మనిషి ఇక్కడుంటాడు.

టీ విరామంలో చైర్మన్ ఆఫీసులో సంగతి బయటపడింది. ఆ దేశపు చిహ్నంతో వచ్చిన కవర్లన్నీ శుభాకాంక్షలని ఆఫీసులో లెక్క. పండగలకీ, జాతీయదినాలకీ అలాంటివి వస్తుంటాయి. లోపలున్నది ఏ భాషో సెక్షనులో ఎవరికీ రాదు. అనువాద విభాగానికి పంపాలంటే ఫారం నింపాలి, దానిమీద చైర్మన్ సంతకం కావాలి. కార్డు పంపడానికి స్టాంపు చాలు. కార్డు పంపేశాక కవర్లను ‘శుభాకాంక్షలు’ కట్టలో కలిపి, మూడు నెలలకోసారి సీలు వేసి కిందికి పంపారు. ఆ ఆఫీసు సూపరింటెండెంటు ఇదంతా దాపరికం లేకుండా చెప్పాడు. తప్పు చేశానని ఆయనకు తోచలేదు. ఒక్క కవరుకి కూడా జవాబు ఆలస్యం కాలేదండి అన్నాడు.

రికార్డమ్మను కట్టలు తెమ్మన్నారు. ఆమె కోటు కుర్చీకి తగిలించి కిందికి వెళ్లింది. రిజిస్టరు చూడకుండానే ఇరవై రెండో ర్యాకు దగ్గర నిచ్చెన వేసింది. మూడో అరలో నాలుగు కట్టలు. నాలుగింటి మీదా నంబర్లు తను వేసినవే. ఏ కట్ట ఏ నెలలో వచ్చిందో ఆమెకు గుర్తుంది. రెండో కట్ట వచ్చిన రోజు పొద్దున తమ్ముడు ఫోను చేశాడు, ఉత్తరం సంగతి ఏమైందక్కా అని అడిగాడు. ఆ మధ్యాహ్నం ఆమె ఇదే నిచ్చెన ఎక్కి, దాన్ని అడుగుతూ ఆ దేశం రాసిన కాగితాన్ని ఇక్కడ పెట్టింది.

పైన చైర్మన్ పి.ఏ. ఎదుట సీళ్లు విప్పారు. బొమ్మల కార్డుల మధ్య నాలుగు ఉత్తరాలు దొరికాయి. ఒక్కొక్కటి ఒకే పేజీ. మొదటిదానికి ఫోటో గుచ్చి ఉంది. అందులో తమ్ముడికి గడ్డం ఉంది. ఆమె అతన్ని గడ్డంతో ఎప్పుడూ చూడలేదు. ఫోటో చేతిలోకి తీసుకోబోతే, ఫైలులో భాగం, ముట్టుకోకూడదు అన్నాడు పి.ఏ.

ఆయన చైర్మన్ గదిలోకి వెళ్లి ఇరవై నిమిషాలకు వచ్చాడు. చేతిలో టైపు చేసిన కాగితం ఒకటుంది. పైనుంచి వచ్చిన నాలుగు ముఖ్యమైన ఉత్తరాలను రికార్డు రూములో నా అజాగ్రత్త వల్ల శుభాకాంక్షల కట్టల్లో కలిపేశాను, జాప్యానికి నేనే బాధ్యురాలిని అని అందులో ఉంది. కింద ఆమె హోదా, సంతకానికి జాగా.

ఆమె రెండుసార్లు చదివింది. కట్టలు సీలుతో వస్తాయని, సీలు మీద పై సెక్షను ముద్ర ఉందని, తీసిన లక్క ముక్కలు ఇంకా బల్లమీదే ఉన్నాయని చెప్పింది. పి.ఏ. లక్క ముక్కలను ఒక కాగితంలోకి తోసి మడిచాడు. గొంతు పెంచలేదు. ఆమెకంటే చిన్నవాడు, ఎప్పుడూ అక్కా అనే పిలుస్తాడు.

“చూడక్కా. విదేశాంగ శాఖకి సార్ ఒక్క ఫోను చేస్తే ఉత్తరం పది నిమిషాల్లో వస్తుంది. కానీ ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని ఎవరైనా అడిగితే ఆయన ఏం చెప్పాలి? ఒక కారణం కావాలి కదా. నువ్విస్తే ఆయన ఫోను చేస్తారు.”

“ఇవ్వకపోతే?”

“ఏడింటికి వాళ్ల విమానం. నీ ఇష్టం.”

అప్పటికి మూడైంది. ఆమె వరండాలోకి వెళ్లి మరదలికి ఫోను చేసింది. జరిగింది వరసగా చెప్పింది. కాగితంలో ఉన్నది అక్షరం వదలకుండా చెప్పింది. అటువైపు మిషను చప్పుడు ఆగిపోయింది. నువ్వు చెయ్యని తప్పు ఒప్పుకో అని నేనెలా చెప్పను వదినా అంది మరదలు. మళ్లీ తనే, ఉద్యోగం పోతే నా మిషను ఉంది, ఆయన రాకపోతే మనకేం ఉంది అంది.

రికార్డమ్మ తిరిగొచ్చింది. ఉత్తరం ముందు తనకు చూపించాలంది. అలా కుదరదన్నాడు పి.ఏ. అయితే సంతకమూ కుదరదంది. ఆయన మళ్లీ లోపలికి వెళ్లాడు. నాలుగూ ఇరవైకి విదేశాంగ శాఖ నుంచి మనిషి ఉత్తరం పట్టుకుని వచ్చాడు. ఫోను చేసింది నాలుగూ అయిదుకి. ఉత్తరంలో ఆరు వరసలున్నాయి. పద్నాలుగు నెలలు ఆగిన ఉత్తరం టైపు కావడానికి, సంతకం కావడానికి, రోడ్డు దాటి రావడానికి కలిపి పట్టింది పావుగంట.

పి.ఏ. ఉత్తరాన్ని తన చేతిలోనే ఉంచుకుని ఆమెకు చూపించాడు. పాస్‌పోర్టు నంబరు ఒక్కొక్క అంకే చూసుకుంది. సరిగ్గా ఉంది. ఆమె తన కాగితం మీద సంతకం చేసింది. తేదీ వేసింది. పక్కన టైము కూడా వేయబోతే అక్కర్లేదన్నాడు.

ఆరింటికి విమానాశ్రయంలో చైర్మన్ ఆ ఉత్తరాన్ని జైళ్ల కమిటీ అధ్యక్షురాలికి రెండు చేతులతో ఇచ్చాడు. ఫోటోలు తీశారు. కారు తోలినది డ్రైవరే. ఆవిడ సంచిలో పెట్టుకోవడం కళ్లారా చూశానమ్మాయ్ అని ఆయన ఫోను చేసి చెప్పాడు. మర్నాటి నుంచి ఆయన్ను కారు నుంచి తప్పించి గ్యారేజీలో కూర్చోబెట్టారు. కారణం రాతపూర్వకంగా ఇవ్వలేదు.

రికార్డమ్మకు మాత్రం రాతపూర్వకంగానే ఇచ్చారు. ఇరవై రెండో తేదీ పొద్దున సస్పెన్షన్ ఉత్తర్వు చేతికి వచ్చింది. ఆరోపణలు రెండు. ముఖ్యమైన ఉత్తరాలను కట్టల్లో కలపడం ఒకటి. సభ్యులకు కేటాయించిన స్థానంలో అధికారం లేకుండా కూర్చుని విదేశీ అతిథులతో మాట్లాడడం రెండోది. ఆ స్థానంలో కూర్చోమని వరస తయారు చేసిన సెక్షనే ఆ ఉత్తర్వూ టైపు చేసింది. రెండు కాగితాల మీదా కింద మూలన టైపిస్టు పొడి అక్షరాలు ఒకటే. ప్రోటోకాల్ ఆఫీసరును వివరణ అడిగితే, ఆమె పొరపాటున వచ్చి కూర్చుని ఉంటుందని రాసిచ్చాడు.

ఉమ్మడి ప్రకటన ఇరవై మూడున వచ్చింది. రెండు పేజీలు. ఏడో పేరాలో, మానవతకు సంబంధించిన విషయాలు స్నేహపూర్వక వాతావరణంలో చర్చకు వచ్చాయి అని ఉంది. పేపర్లు ఇంకో రెండడుగులు ముందుకు వేశాయి. చైర్మన్ చొరవ, జైలు నుంచి విముక్తి అని శీర్షిక పెట్టాయి. ఒక పేపరు హాల్లోని ఫోటో వేసింది. తొమ్మిదిమందీ ఉన్నారు. కింద ‘స్నేహబృందం సభ్యులు’ అని రాశారు.

తమ్ముడు వచ్చేది మే ఇరవై తొమ్మిది మధ్యాహ్నం మూడింటి విమానానికి. ముందురోజు పి.ఏ. ఇంటికి ఫోను చేశాడు. సార్ స్వయంగా వచ్చి స్వాగతం చెబుతారని, ఇంట్లోవాళ్లు కూడా పక్కన నిలబడితే బాగుంటుందని అన్నాడు. మరదలు ఫోను పెట్టేసి, ఉద్యోగం తీసినవాళ్ల పక్కన నిలబడాలట అంది. ఎక్కడైనా నిలబడదాం, వాడు బయటికి రానీ అంది రికార్డమ్మ.

విమానాశ్రయంలో బయటికి వచ్చే గేటు దగ్గర తాడు కట్టారు. తాడుకు ఇవతల చైర్మన్, ఆయన వెనక పి.ఏ., పక్కన పువ్వుల గుత్తి పట్టుకున్న మనిషి. నాలుగు కెమెరాలు, మూడు మైకులు. మరదలు, రికార్డమ్మ ఒక వారగా నిలబడ్డారు.

తమ్ముడు మూడూ నలభైకి బయటికొచ్చాడు. చేతిలో ఒక గుడ్డసంచి. గడ్డం తీసేశాడు. చెవుల పైన జుట్టు తెల్లబడింది. భార్యను చూసి ఆగాడు. మరదలు ఎదురువెళ్లి సంచి అందుకుంది. ఏమీ తినలేదా అని అడిగింది. విమానంలో పెట్టారు అన్నాడు. అన్నది ఆ రెండు మాటలే. పి.ఏ. అతని భుజం మీద చెయ్యి వేసి చైర్మన్ దగ్గరికి నడిపించాడు.

పువ్వులు ఇవ్వడం అయింది. కెమెరాల కోసం ఇంకోసారి ఇచ్చారు. చైర్మన్ మాట్లాడాడు. ఒక సామాన్యుడి కన్నీరు తుడవడానికే పార్లమెంటు ఉందన్నాడు. ఆ తర్వాత మైకు తమ్ముడి ముందుకు వచ్చింది. పి.ఏ. అతని చేతిలో ఒక చీటీ పెట్టాడు. చైర్మన్ గారికి, రెండు దేశాల స్నేహానికి కృతజ్ఞతలు అని రెండు వాక్యాలు.

తమ్ముడు చీటీ చదివాడు. తల ఎత్తి అక్క కోసం చూశాడు.

“ఏం చెప్పమంటావక్కా?”

“నీ శిక్ష ఎప్పుడు అయిపోయిందో, నువ్వు ఎప్పుడొచ్చావో, ఆ రెండూ చెప్పు. చాలు.”

అతను మైకులోకి వంగాడు. అలవాటు లేక బాగా దగ్గరగా వంగాడు.

“నాకు పడిన నాలుగు నెలలూ పోయినేడు మార్చి తొమ్మిదిన అయిపోయాయండి. ఇవాళ మే ఇరవై తొమ్మిది.”

చీటీ మడిచి పి.ఏ.కి తిరిగి ఇచ్చాడు.

మైకు పట్టుకున్న విలేకరి, ఒక అమ్మాయి, లెక్క వేసుకోవడానికి కొంచెంసేపు పట్టింది. ఆమె చైర్మన్ వైపు తిరిగి, మధ్యలో ఏమైందండీ, ఇన్ని నెలలు ఎవరి దగ్గర ఆగింది అని అడిగింది. చైర్మన్ మంచి సందర్భంలో ఇలాంటివి ఎందుకన్నాడు. ఆమె మళ్లీ అడిగింది. రెండో మైకు, మూడో మైకు కూడా దగ్గరికి వచ్చాయి. చైర్మన్ వెనక్కి తిరిగి పి.ఏ.ని చూశాడు. పి.ఏ. ముందుకొచ్చి, అది కింది సిబ్బంది పొరపాటండి, రికార్డు రూములో ఉత్తరాలు కట్టల్లో కలిసిపోయాయి, సంబంధించిన ఉద్యోగిని ఒప్పుకుని రాసిచ్చింది, చర్య తీసుకున్నాం అన్నాడు.

ఎవరా ఉద్యోగిని అని అడిగింది విలేకరి.

పి.ఏ. చెయ్యి ఎత్తి తాడు పక్కన నిలబడ్డ రికార్డమ్మను చూపించాడు.

“ఆవిడే. కావాలంటే ఆవిణ్ణే అడగండి.”

మూడు మైకులూ అటు తిరిగాయి. రికార్డమ్మ ఒకసారి తమ్ముడి వైపు చూసింది. అతను తాడుకు ఇవతలే ఉన్నాడు, సంచి మరదలి భుజానికి ఉంది.

“అవునండీ, రాసిచ్చాను,” అంది. “ఎవరు టైపు చేసి తెచ్చారో, ఎన్నింటికి సంతకం పెట్టానో, అప్పుడు నా తమ్ముడు ఎక్కడున్నాడో చెప్తాను. రాసుకోండి.”